"చూద్దాంలే అన్నా" అనే కుర్రాణ్ని కాలేజీ దాకా తీసుకెళ్లడం ఎలా

పదో తరగతి కుర్రాణ్ని "తర్వాత ఏం చేస్తావురా" అని అడిగి చూడండి. నేల చూపులు చూస్తూ "చూద్దాంలే అన్నా" అంటాడు. మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆదివారాలు పిల్లలతో కూర్చోవడం మొదలుపెట్టిన కొత్తలో ఈ మాట వింటే నాకు కోపం వచ్చేది, వీడికి చదువు మీద ధ్యాస లేదు అనుకునేవాణ్ని. వాడు భయంతో అలా అంటున్నాడని అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇంట్లో ఇంటర్ చదివినవాళ్లు ఒక్కరూ లేరు, కాలేజీకి ఎంత ఖర్చవుతుందో, ఎప్పుడు అప్లై చేయాలో, ఎవరిని అడగాలో తెలీదు, తెలీదని ఒప్పుకోవాలంటే సిగ్గు. నాన్నను అడిగితే "నాకేం తెలుసురా, మీ సార్లను అడుగు" అంటాడు, సార్లకేమో ఒక్కో క్లాసులో అరవైమంది. ఆ మధ్యలో ఒక అన్న కావాలి. ఆ అన్నగా ఉండాలనుకునేవాళ్ల కోసం, నేను చేసి చూసినదాంట్లోంచి ఇది రాస్తున్నాను. మగపిల్లల గురించే రాస్తున్నా, ఎందుకంటే నేను పనిచేసింది వాళ్లతోనే. ఆడపిల్లల కష్టాలు వేరు, వాటి గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఉన్నారు.

మొదటి సంగతి, ముప్పైమందిని పోగేయకండి. ఇద్దరు, మహా అయితే నలుగురు. హెడ్మాస్టరును కలిసి మీరెవరో, ఏం చేయాలనుకుంటున్నారో చెప్పి అనుమతి తీసుకోండి, తర్వాత ఒక్కో పిల్లాడి ఇంటికీ వెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడండి. కలిసేది ఎప్పుడూ నలుగురికీ కనబడే చోటే ఉండాలి, బడి వరండా గానీ, లైబ్రరీ గానీ, చెట్టు కింద గానీ. తలుపు వేసిన గదిలో పిల్లాడితో ఒంటరిగా కూర్చోవద్దు, ఇది వాడి క్షేమం కోసమూ మీ పేరు కోసమూ. డబ్బులు చేతికి ఇవ్వొద్దు. పరీక్ష ఫీజు కట్టాల్సి వస్తే అమ్మానాన్నలకు చెప్పి, మీరే నేరుగా కట్టి రసీదు వాళ్ల చేతికివ్వండి. చేతి అప్పు మొదలైతే కుర్రాడు మొహం చాటేస్తాడు, పిల్లాణ్ని పోగొట్టుకోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

మొదటి నెలంతా చదువు మాటే ఎత్తకండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తే పదిహేనేళ్ల కుర్రాడికి అది పోలీస్ స్టేషన్‌లా ఉంటుంది. చెరువు కట్ట మీద నడుస్తూనో, సైకిల్ చైన్ ఎక్కిస్తూనో, క్రికెట్ ఆడి నీళ్లు తాగుతూనో అడిగితే అదే పిల్లాడు గంటసేపు మాట్లాడతాడు. "పెద్దయ్యాక ఏమవుతావు" అనకండి. "నిన్న బడి అయిపోయాక పడుకునేదాకా ఏం చేశావు" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో ఇల్లంతా తెలుస్తుంది. గేదెలకు గడ్డి వేశాడా, పెళ్లిళ్ల సీజన్లో క్యాటరింగ్‌కి వెళ్లి రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరాడా, నాన్న తాగొచ్చి గొడవ చేస్తే అమ్మకు అడ్డంగా నిలబడ్డాడా, లేక ఫోన్ పట్టుకుని రెండింటిదాకా మేలుకున్నాడా. ఇవన్నీ తెలియకుండా "పొద్దున్నే నాలుగింటికి లేచి చదువు" అని చెప్పడం ఎంత అన్యాయమో నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆ తర్వాత దారులన్నీ ముందు పరచాలి. మన పిల్లలకు తెలిసిన దారి ఒక్కటే, ఎంపీసీ తీసుకుని ఇంజినీరింగ్, అది రాకపోతే జీవితం లేదు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్ రాస్తే పదో తరగతి తర్వాత మూడేళ్లలో డిప్లొమా చేతికొస్తుందనీ, ఆ తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చనీ చెబితే చాలామంది కళ్లు పెద్దవి చేస్తారు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడులు ఉన్నాయి. వ్యవసాయం అంటే ఇష్టమున్న రైతు బిడ్డకు అగ్రికల్చర్ పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా ఉంది. లెక్కలంటే వణికే కుర్రాడు ఇంటర్లో సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) తీసుకుని, లాసెట్ రాసి ఐదేళ్ల లా కోర్సులో చేరొచ్చు. వీటిలో ఏదీ తక్కువది అన్నట్టు మీ గొంతులో కూడా వినబడకూడదు.

ట్రిపుల్ ఐటీల గురించి మాత్రం తొమ్మిదో తరగతిలోనే చెప్పండి. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన ఈ క్యాంపస్‌లలో చేరితే రెండేళ్లు ఇంటర్ స్థాయి చదువు, నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లూ ఒకేచోట. ఆంధ్రాలో ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లు తర్వాత వచ్చాయి. సీట్లు ఇచ్చేది పది మార్కులను బట్టి, ప్రభుత్వ బడుల పిల్లలకు అదనంగా కొంత కలుస్తుంది కూడా. అంటే ఫలితాలు వచ్చాక ఈ సంగతి చెప్పి లాభం లేదు, అప్పటికే మార్కులు అయిపోయి ఉంటాయి. అలాగే ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చదువుతూ ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటని పిల్లలు అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. మీ దగ్గరికి వచ్చేవాడికి తమ్ముడుంటే ఆ తమ్ముడి గురించి ఇప్పుడే అడగండి.

ఇంకో జాగ్రత్త. పది పరీక్షలకు ముందే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఇళ్లకు వస్తారు, "మీవాడికి ఫీజులో సగం రాయితీ" అంటారు, అడ్వాన్స్ కట్టమంటారు. తొందరపడొద్దని నాన్నకు చెప్పండి. ట్యూషన్ ఫీజు, హాస్టల్, పుస్తకాలు, పరీక్ష ఫీజు అన్నీ కలిపి రెండేళ్లకు ఎంతో కాగితం మీద రాసిమ్మని అడగమనండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేసి తర్వాత ఫీజు బాకీ పేరుతో అవి తిరిగి రాక తిరిగిన కుటుంబాన్ని నేను దగ్గర్నుంచి చూశాను.

మాటలతో చెప్పింది ఎంతవరకు ఎక్కుతుందో గానీ, చూసింది మాత్రం మర్చిపోరు. ఒక పనిరోజు చూసుకుని, బడిలోనూ ఇంట్లోనూ చెప్పి, ఆర్టీసీ బస్సెక్కించి దగ్గర్లోని పాలిటెక్నిక్‌కో డిగ్రీ కాలేజీకో తీసుకెళ్లండి. ప్రిన్సిపాల్ ఉపన్యాసం అక్కర్లేదు. మన మండలం నుంచే వెళ్లి చదువుతున్న ఒక సీనియర్ను ముందే మాట్లాడి పెట్టుకోండి, క్యాంటీన్లో వాళ్లను వదిలేసి మీరు దూరంగా కూర్చోండి. మన ముందు అడగని ప్రశ్నలు అక్కడ అడుగుతారు. మెస్‌లో అన్నం ఎన్నిసార్లయినా పెడతారా, ఇంగ్లీషులో అడిగితే ఏం చేశావు, ర్యాగింగ్ ఉంటుందా, ఇంటికి ఎన్నాళ్లకొకసారి పంపిస్తారు. వర్క్‌షాప్‌లో లేత్ మెషిన్ తిరుగుతుంటే కిటికీ దగ్గర నిలబడి కదలని కుర్రాణ్ని నేను చూశాను. వాడు తిరిగొచ్చేటప్పుడు బస్సులో తనంతట తానే పాలీసెట్ తేదీ అడిగాడు.

ఇప్పుడు కాగితాల సంగతి. తెలివైన పిల్లలు కూడా ఇక్కడే ఆగిపోతారు, అందుకే దీనికి ఎక్కువ సమయం పెట్టండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బడి రికార్డులో ఒక్క అక్షరమే ఉంటుంది, నాన్న పేరు ఒకచోట ఒకలా మరోచోట ఇంకోలా ఉంటుంది, పుట్టినతేదీ కలవదు. పది పరీక్షలకు బడి నుంచి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) వెళ్లకముందే ఇవన్నీ సరిచేయించాలి, ఎందుకంటే పదో తరగతి మెమోలో పడిన పేరూ తేదీనే జీవితమంతా చూస్తారు, తర్వాత మార్పించాలంటే చెప్పులరిగేలా తిరగాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు తెలంగాణలో మీసేవలో, ఆంధ్రాలో సచివాలయంలో ముందే పెట్టించండి, కౌన్సెలింగ్ సీజన్లో అందరూ ఒకేసారి వచ్చిపడతారు. నాలుగో తరగతి నుంచి చదివిన ప్రతి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ కావాలి, వరసగా చదివిన ఏళ్లను బట్టే సీట్ల కోసం లోకల్, నాన్ లోకల్ తేలుస్తారు. కూలికి వలస వెళ్లిన ఇళ్లలో పిల్లాడు ఒక ఏడాది ముంబైలోనో బెంగళూరులోనో చదివి ఉంటాడు, దాన్ని ముందే కనిపెట్టండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకయిందో లేదో చూడండి. ఫోన్ నంబరు మరీ ముఖ్యం. మనవాళ్లు ఆఫర్ అయిపోగానే సిమ్ మార్చేస్తారు, ఓటీపీ ఏమో పాత నంబరుకు పోతుంది, చివరి తేదీ రాత్రి అందరికీ టెన్షన్. కౌన్సెలింగ్ అయ్యేదాకా ఒకే నంబరు ఉంచుకోమని ఇంట్లో గట్టిగా చెప్పండి.

ఇవన్నీ మీరే చేసిపెట్టకండి. ప్లాస్టిక్ ఫైలు ఒకటి కొనివ్వండి, జిరాక్సులు రెండు సెట్లు తీయించమనండి, ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకోమనండి. మీసేవ కౌంటర్ దగ్గర మీరు వెనక నిలబడి వాణ్ని మాట్లాడనివ్వండి. మొదటిసారి గొంతు పెగలదు, మూడోసారికి "సార్, రసీదు ఇవ్వలేదు" అని వాడే అడుగుతాడు. నా లెక్కలో అది ఒక సబ్జెక్టులో తొంభై మార్కులు తెచ్చుకున్నదానికి సమానం.

చదువు విషయంలో మీరు ట్యూషన్ మాస్టరు కానక్కర్లేదు. ఎక్కడ తెగిందో కనిపెడితే చాలు. పదో తరగతి లెక్కలు రావడం లేదంటే చాలాసార్లు ఆరో తరగతి భిన్నాల దగ్గరే ఆగిపోయి ఉంటాడు, తోటి పిల్లల ముందు ఆరో తరగతి పుస్తకం తెరవడానికి నామోషీ, కాబట్టి విడిగా ఒక నెల కూర్చోబెట్టండి.

ఇక మనిషిగా ఎదగడం. దీనికి వేరే క్లాసు పెట్టొద్దు, సందర్భం వచ్చినప్పుడు సూటిగా మాట్లాడండి. బెట్టింగ్ యాప్‌ల సంగతి తప్పకుండా ఎత్తండి. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించినా పిల్లల ఫోన్లలోకి లింకులు వస్తూనే ఉన్నాయి. "ఎంత పోయింది" అని తిట్టకుండా అడిగితేనే నిజం బయటికొస్తుంది. ప్రేమ గురించి నవ్వకండి. ఆ అమ్మాయి వద్దంటే అక్కడితో ఆగిపోవాలనీ, వెంటపడటం, స్నేహితులతో కబురు పంపడం, ఫోటోలు పెట్టడం ప్రేమ కాదనీ వాడికి చెప్పే మగవాడు ఒక్కడైనా ఉండాలి, ఆ ఒక్కడు మీరు అవ్వండి. అన్నం వండటం, బట్టలు ఉతుక్కోవడం నేర్పండి, హాస్టల్‌కి పోతే అవసరమే, ఇంట్లో అమ్మకూ చెల్లికీ ఆ పని తగ్గుతుంది. నిద్ర పట్టడం లేదనో, బతకాలని లేదనో అంటే దాన్ని మాట వరసకు అన్నదిగా తీసుకోకండి, వాణ్ని ఒంటరిగా వదలకుండా పెద్దవాళ్లకు చెప్పి, 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు, ఉచితం, ఏ వేళయినా పలుకుతుంది. కొట్టడం, వేధించడం లాంటివి తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు చేయండి.

నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి. లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయని ఒక కుర్రాణ్ని పట్టుబట్టి ఎంపీసీలో చేర్పించాను. వాడికి వైరింగ్ పని ఇష్టం, రెండుసార్లు చెప్పాడు కూడా, నేను వినలేదు. మొదటి ఏడాది మూడు సబ్జెక్టులు పోయాయి, నాకు చెప్పకుండా హైదరాబాద్ వెళ్లి గోదాంలో మూటలు మోశాడు. ఏడాదిన్నర తర్వాత ఐటీఐలో చేరాడు, ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఆ ఏడాదిన్నర మాత్రం నా మొండితనం వల్ల పోయింది. అప్పటినుంచి ఏ కోర్సు అన్నదానిలో చివరి మాట పిల్లాడిదే, నాది కాదు.

ఫలితాల రోజు పొద్దున్నే వాడి ఇంటికి వెళ్లండి, ఫోన్ చేయడం సరిపోదు. పాసైతే పక్కన ఉంటారు, పోతే నాన్న చెయ్యి లేవకముందే అక్కడుంటారు. సప్లిమెంటరీ కొన్ని వారాల్లోనే ఉంటుందనీ, పది అందులో పాసైనా అదే ఏడాది ఇంటర్లో చేరొచ్చనీ ఆ రోజే ఇంట్లో అందరికీ వినబడేలా చెప్పండి.

సీటు రాగానే మన పని అయిపోయింది అనుకుంటాం. నేను చూసినంతలో పిల్లలు ఎక్కువగా జారిపోయేది దసరా సెలవుల్లో. అప్పటికి రెండు మూడు నెలలు ఇంగ్లీషు మీడియం పాఠాలు అర్థం కాక, హాస్టల్ తిండి పడక, ఇంటికొచ్చి అమ్మ వంట తిని, పాత స్నేహితుల చేతిలో కూలి డబ్బులు చూసి, "ఇక పోనన్నా" అంటారు. జ్వరమంటారు, బస్సు దొరకలేదంటారు. హాజరు 75 శాతం తగ్గితే ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా పోతుంది, ఆ తర్వాత వెనక్కి రావడం ఇంకా కష్టం. అందుకని సెలవులు అయిపోయే రోజు ముందే అడిగి రాసిపెట్టుకోండి. బ్యాగు సర్దుతున్నప్పుడే వెళ్లండి, ఏ సబ్జెక్టు అర్థం కావడం లేదో అడిగి అక్కడి సీనియర్‌కు వాడి ముందే ఫోన్ కలపండి, బస్టాండు దాకా తోడు వెళ్లండి. రాత్రి ఏడున్నరకు హాస్టల్ గేటు దగ్గర నుంచి "చేరాను అన్నా" అని మెసేజ్ వచ్చేదాకా ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చోండి. రాకపోతే మీరే చేయండి.