పెద్ద ఫైళ్లను క్లయింటుకి భద్రంగా పంపడం ఎలా?

విశాఖ సిరిపురంలో ఒక డ్రాయింగ్ ఆఫీసులో పనిచేస్తున్నాను. బిల్డింగు ప్లాన్లు, త్రీడీ వీడియోలు, రేట్లు వేసిన ఎస్టిమేట్లు రోజూ ఎవరికో ఒకరికి పంపాల్సిందే. ఒక్కో ప్రాజెక్టు నాలుగు జీబీల దాకా ఉంటుంది. ఇప్పటికీ పెన్‌డ్రైవు జేబులో వేసుకుని గాజువాక బస్సెక్కేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అది దారిలో పడిపోతే క్లయింటు ఇంటి లెక్కలన్నీ దొరికినవాళ్ల చేతిలో ఉన్నట్టే.

కావాల్సినవి మూడే: గూగుల్ డ్రైవ్ అకౌంటు (15 జీబీ ఉచితం), సెవెన్‌జిప్ (ఫైళ్లన్నిటినీ ఒకే ఫైలుగా కట్టి పాస్‌వర్డ్ పెట్టే ప్రోగ్రాం, ఇదీ ఉచితమే), అవతలివాళ్ల మెయిల్ ఐడీ. జీమెయిల్ అటాచ్‌మెంటు 25 ఎంబీ దాటదు. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా 2 జీబీ వరకు వెళ్తుంది, కానీ ఆఫీసు ఫైలు వాట్సాప్‌లో పంపకూడదు. ఒకసారి ఫార్వర్డ్ అయ్యాక అది ఎవరి ఫోనులో ఉందో మనకి తెలియదు.

ముందుగా ఫైళ్లన్నీ ఒక ఫోల్డరులో పెట్టి, ప్రాజెక్టు పేరు, తేదీ వేయండి. 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది' అని పేర్లు పెట్టొద్దు.

తర్వాత ఫోల్డరు మీద రైట్ క్లిక్ చేసి, సెవెన్‌జిప్‌లో 'యాడ్ టు ఆర్కైవ్' నొక్కండి. ఫార్మాటు 'సెవెన్ జెడ్' ఉంచి పాస్‌వర్డ్ ఇవ్వండి. కిందనున్న 'ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్' దగ్గర టిక్ పెట్టడం మరిచిపోవద్దు. అది లేకపోతే లోపలి ఫైళ్ల పేర్లు పాస్‌వర్డ్ లేకుండానే కనిపిస్తాయి. పాస్‌వర్డ్‌గా క్లయింటు పేరు, ఫోను నంబరు పెట్టకండి.

దాన్ని డ్రైవ్‌లోకి ఎక్కించండి. అప్‌లోడ్ స్పీడు 20 ఎంబీపీఎస్ ఉంటే 4 జీబీకి దాదాపు అరగంట. అంతవరకు లాప్‌టాప్ మూయొద్దు.

ఇక షేర్ చేయడం. పని చెడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చేయండి.

షేర్ నొక్కితే 'జనరల్ యాక్సెస్' కింద రెండు దారులుంటాయి. 'రెస్ట్రిక్టెడ్' అంటే మీరు చేర్చిన మెయిల్ ఐడీలకే ఫైలు తెరుచుకుంటుంది. 'ఎనీవన్ విత్ ద లింక్' అంటే ఆ లింకు ఎవరి చేతికి వెళ్తే వాళ్లకల్లా తెరుచుకుంటుంది. హడావుడిలో అందరూ రెండోదే నొక్కుతారు. ఒకసారి ఒక ఇంటి ఎస్టిమేటుకి పాస్‌వర్డ్ కూడా లేకుండా మేమూ అలాగే పంపాం. క్లయింటు ఆ లింకుని వాళ్ల బావమరిదికి పంపారు, ఆయన కాంట్రాక్టర్ల గ్రూపులో వేశారు. ఆ వారం కొటేషన్లు ఇచ్చిన ముగ్గురి కాగితాల్లోనూ స్టీలు, షట్టరింగు రేట్లు మా లెక్కకి రూపాయి తేడా లేకుండా ఉన్నాయి. ఆ రోజు నుంచి మా ఆఫీసులో రెండో దారి బంద్.

రెస్ట్రిక్టెడ్‌తో ఒక చిక్కుంది. క్లయింటు ఫోనులో రెండు మూడు జీమెయిల్ అకౌంట్లుంటాయి. మీరు ఒకదానికి షేర్ చేస్తే వాళ్లు ఇంకోదాంట్లో తెరుస్తారు. అది తెరుచుకోక వాళ్లు 'రిక్వెస్ట్ యాక్సెస్' నొక్కితే మీకు మెయిల్ వస్తుంది. దాన్ని చూడగానే ఒప్పుకోకండి. ఫోన్ చేసి, "ఇది మీ ఐడీయేనా అండీ?" అని అడిగాకే ఇవ్వండి. విసిగిపోయి లింకుని అందరికీ తెరిచేయడం మాత్రం వద్దు.

ఇంకో జాగ్రత్త. ఫైలుని షేర్ చేయండి, ఫోల్డరుని కాదు. ఫోల్డరు షేర్ చేస్తే రేపు మీరు అందులో వేసే ప్రతి కాగితమూ వాళ్లకి కనిపిస్తుంది. అవతలివాళ్లని 'వ్యూయర్'గానే ఉంచండి. 'ఎడిటర్' ఇస్తే, సెట్టింగ్స్‌లో ఆపకపోతే, వాళ్లు ఇంకొకరికి షేర్ చేయగలరు.

పాస్‌వర్డ్‌ని అదే మెయిల్లో రాయడమంటే తాళంచెవిని తలుపుకే వేలాడదీయడం. నేను ఫోన్ చేసి, అక్షరం అక్షరంగా చెప్పి, తిరిగి చెప్పించుకుంటాను. మెసేజ్ కన్నా ఇదే మంచి పద్ధతి, ఎందుకంటే అవతల ఉన్నది ఎవరో గొంతు విని తెలుసుకోవచ్చు.

ఆ ఫోన్ పెట్టేయకుండానే ఫైలు తెరవమనండి. "మొదటి షీటు మీద ఏ తేదీ ఉందండీ?" అని అడగండి. తేదీ సరిపోతే, షేర్ లిస్టులోంచి వాళ్ల ఐడీ తీసేసి, డ్రైవ్‌లో ఇంతకుముందు పంపిన పాత వెర్షన్ ఏదైనా ఉంటే చెరిపేయండి.