సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు ఫ్లైట్, హోటల్ ఇబ్బందులు: ఎందుకొస్తాయి, ఏం చేయాలి

హైదరాబాద్ నుంచి గోదావరి జిల్లాలకు పండక్కి వెళ్లేటప్పుడు మాకూ, మా చుట్టాలకూ ఎదురైన ఇబ్బందులివి. జనవరిలో టెన్షన్ పడకుండా ఉండాలంటే వీటిలో చాలావరకు ఇప్పుడే సర్దుకోవచ్చు.

సమస్య: “మీ పేరు మీద రూమ్ లేదండీ”

భోగి ముందురోజు, రాత్రి పదకొండున్నర, భీమవరం. నా ఫోన్లో బుకింగ్ ‘కన్ఫర్మ్’ అనే ఉంది. రిసెప్షన్ అబ్బాయి రిజిస్టర్ మీద వేలు పెట్టి ఒక్కో పేరూ చదువుకుంటూ పేజీ చివరిదాకా వెళ్లాడు. మా పేరు లేదు. అమ్మ బ్యాగు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

కారణం: కోడి పందేలు చూడ్డానికి వచ్చే జనంతో ఆ మూడు రోజులూ భీమవరం లాడ్జీలు చాలా ముందే నిండిపోతాయి. చిన్న హోటళ్లవాళ్లు అవే గదులను యాప్‌లోనూ పెడతారు, ఫోన్ చేసినవాళ్లకూ ఇస్తారు. రెండు లెక్కలూ ఎప్పటికప్పుడు సరిచూసుకోకపోతే ఒకే గది ఇద్దరికి వెళ్తుంది. ‘హోటల్లో కడతాం’ అన్న బుకింగ్ అయితే చేతికి డబ్బు రాలేదు కాబట్టి, మనం ఆలస్యమయ్యేకొద్దీ ఆ గది చేజారిపోయే ప్రమాదం ఎక్కువ.

పరిష్కారం: ఎంతో కొంత అడ్వాన్స్ కట్టండి. బుక్ చేసిన రోజే హోటల్ సొంత నంబరుకు ఫోన్ చేసి, “మా పేరు మీ రిజిస్టర్లో ఎక్కిందా అండీ? మేం వచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది, గది ఉంచుతారా?” అని అడగండి. ఆ జవాబు వాట్సాప్‌లో పెట్టమనండి. బయలుదేరే ముందురోజు ఇంకోసారి గుర్తుచేయండి. ఇవన్నీ చేసినా గది లేదంటే, కౌంటర్ దగ్గర నిలబడే యాప్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి హోటల్ వాళ్లతో మాట్లాడించండి. బయటికొచ్చాక చేస్తే, మీరు అసలు రాలేదని రాసుకునే అవకాశం ఉంది. మాకు ఆ రాత్రి చివరికి తణుకులో గది దొరికింది. అందుకే ఇప్పుడు మొదటే తణుకు, తాడేపల్లిగూడెం కూడా చూస్తున్నాం.

గది ఉన్నా ఇవ్వనంటే చాలాసార్లు కారణం గుర్తింపు కార్డు. పాన్ కార్డు మీద అడ్రస్ ఉండదు కాబట్టి చాలా హోటళ్లు దాన్ని తీసుకోవు. పెద్దవాళ్లందరి ఆధార్ కార్డులూ దగ్గరుంచుకోండి.

సమస్య: మొదటి విమానం లేటై, రెండోది వెళ్లిపోయింది

అమెరికా నుంచో, గల్ఫ్ నుంచో వచ్చేవాళ్లకు ఇది ఎక్కువ. హైదరాబాద్ దాకా ఒక టికెట్, అక్కణ్ణుంచి రాజమండ్రికి విడిగా ఇంకో టికెట్ తీసుకుంటారు. రెండు పీఎన్‌ఆర్‌లు (బుకింగ్ నంబర్లు) వేరు కాబట్టి మొదటిది ఎంత ఆలస్యమైనా రెండో ఎయిర్‌లైన్‌కి సంబంధం ఉండదు.

దొరికితే మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్ మీద తీసుకోండి. లేదంటే హైదరాబాద్‌లో ఒక రాత్రి ఆగి పొద్దున్నే వెళ్లండి. ఇమిగ్రేషన్, లగేజీ, మళ్లీ చెక్-ఇన్ అన్నీ మూడు గంటల్లో అయిపోతాయని పండగ రోజుల్లో నేను నమ్మను. విమానం తప్పిపోతే టికెట్ డబ్బు పోయినా, అందులోని ఎయిర్‌పోర్ట్ ఫీజులు, పన్నులు మీకు తిరిగి రావాలి. అడిగి తీసుకోండి.

సమస్య: పొగమంచు, గంటల తరబడి ఆలస్యం

జనవరి తెల్లవారుజామున గన్నవరంలో రన్‌వే కనపడనంత మంచు పడే రోజులుంటాయి. ఢిల్లీలో మంచు పడితే అక్కణ్ణుంచి రావాల్సిన విమానం ఆగిపోయి, దాంతో ఇక్కడ మనదీ ఆలస్యమవుతుంది. వీలైతే పదకొండు తర్వాత బయలుదేరే విమానం తీసుకోండి.

మంచు వల్ల రద్దయితే నష్టపరిహారం రాదు. హైదరాబాద్–రాజమండ్రి లాంటి చిన్న ప్రయాణంలో మాత్రం ఆలస్యం 2 గంటలు దాటితే తినడానికి ఏదైనా ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది. 6 గంటలు మించితే వేరే విమానమో, పూర్తి రిఫండో అడగొచ్చు. కౌంటర్‌లో పట్టించుకోకపోతే ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవలో ఫిర్యాదు పెట్టండి.

సమస్య: టికెట్ మీద పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా

మనకు ఇంటిపేరు ముందు. టికెట్ ఫారంలో అది చివర. ఒక కార్డులో పూర్తి ఇంటిపేరు, ఇంకోదాంట్లో ఒక్క అక్షరం. కార్డు ఎదురుగా పెట్టుకుని బుక్ చేయండి, విదేశీ ప్రయాణమైతే పాస్‌పోర్టు. ఎయిర్‌లైన్ సొంత వెబ్‌సైట్‌లో తీసుకున్న టికెట్‌లో తప్పు పడితే బుక్ చేసిన 24 గంటల్లోపు చెప్పండి, ఉచితంగా సరిచేయాలి.

సమస్య: తిరుగు ప్రయాణంలో బరువెక్కువ

దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టికెట్‌కి 15 కిలోల లగేజీ, చేతిలో 7 కిలోలు. అరిసెలు, జంతికలు, పచ్చళ్లతో అది ఎప్పుడో దాటిపోతుంది. ఇంట్లోనే తూచి, అదనపు కిలోలు ముందే ఆన్‌లైన్‌లో కొనండి. కౌంటర్ దగ్గర ఎక్కువ కట్టాలి. పచ్చడి, నెయ్యి కట్టుదిట్టంగా చుట్టి లగేజీలో వేయండి, అరిసెలు చేతి సంచిలో పెట్టుకోండి. పవర్ బ్యాంక్ మాత్రం లగేజీలో పెట్టకూడదు. అత్తగారు ఎంత ప్రేమగా ఇచ్చినా ఎండు కొబ్బరి ఇంట్లోనే ఉంచి రండి. నూనె వల్ల త్వరగా అంటుకుంటుందని దాన్ని స్కానర్ దగ్గరే తీసేస్తారు.