కాఫీ చెయిన్‌లో టెక్నాలజీ రిస్క్, కంప్లయన్స్ ఉద్యోగానికి తయారయ్యే పద్ధతి

కంపెనీ సిస్టమ్‌లలో ప్రమాదాలు ఎక్కడున్నాయో పట్టుకోవడం, అవి నిబంధనల ప్రకారం నడుస్తున్నాయో లేదో చూడడం ఈ ఉద్యోగంలో పని. ముందు ఒక కప్పు కాఫీకి కట్టిన డబ్బు ఏయే దారుల్లో వెళ్తుందో కాగితం మీద గీయండి. ఒక దారిలో కౌంటర్ మీది కార్డు మెషీన్, బిల్లింగ్ సిస్టమ్, షాపు రౌటర్, పేమెంట్ ప్రాసెసర్ (షాపుకీ బ్యాంకుకీ మధ్య లావాదేవీ నడిపే సంస్థ), బ్యాంకు వస్తాయి. రెండో దారిలో మొబైల్ యాప్, వాలెట్, గిఫ్ట్ కార్డులు, లాయల్టీ పాయింట్లు ఉంటాయి. ప్రతి మజిలీ దగ్గరా మూడు ప్రశ్నలు వేసుకోండి: కార్డు నంబరు ఇక్కడ బయటపడుతుందా? యాక్సెస్ ఎవరెవరికి ఉంది? తేడా వస్తే ఎవరికి, ఎలా తెలుస్తుంది? ఈ బొమ్మ చేతిలో లేకుండా ప్రమాణాలు చదివితే ఏదీ గుర్తుండదు.

తర్వాత పీసీఐ డీఎస్ఎస్ 4.0.1 తెరవండి. కార్డు వివరాలను కాపాడడానికి పాటించాల్సిన భద్రతా ప్రమాణం ఇది. అందులో 12 ప్రధాన నిబంధనలున్నాయి. షాపుల వ్యాపారంలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది కార్డు మెషీన్ల జాబితా. మోడల్, ఉన్న చోటు, సీరియల్ నంబరు అందులో ఉండాలి. ఎవరైనా మెషీన్ మార్చారా, స్కిమ్మర్ (కార్డు వివరాలు దొంగిలించే పరికరం) బిగించారా అని సిబ్బంది అప్పుడప్పుడూ చూడాలి. రిపేరుకి పోయిన మెషీన్ బదులు కొత్తది వస్తుంది, జాబితాలో మాత్రం పాత నంబరే మిగిలిపోతుంది. తనిఖీ షీటులో నెలంతటి టిక్కులూ ఒకే పెన్నుతో, ఒకేలా కనిపిస్తే షాపుకి వెళ్లి మీరే నంబర్లు సరిచూడండి.

మిగతావి బట్టీ పట్టినా తప్పులేదు. లావాదేవీ ఆమోదం పొందాక సీవీవీని ఎన్‌క్రిప్ట్ చేసి కూడా దాచకూడదు. లాగ్‌లు (సిస్టమ్‌లో ఎవరు ఎప్పుడు ఏం చేశారో చూపే రికార్డులు) 12 నెలలు ఉంచాలి, చివరి 3 నెలలవి అడిగిన వెంటనే అందాలి. బయటి స్కాన్ (ఇంటర్నెట్ వైపు నుంచి సిస్టమ్‌లో లోపాలు వెతకడం) 3 నెలలకోసారి, అధికారిక ఆమోదం ఉన్న సంస్థతో చేయించాలి. ఫెయిలైన రిపోర్టు ఫైలులో పెట్టి, సరిచేశాక పాసైన రెండో స్కాన్ పెట్టడం మరిచిపోవడం కొత్తవాళ్లలో తరచూ కనిపిస్తుంది.

కాఫీ మెషీన్లు, ఫ్రిజ్ సెన్సర్లు, కస్టమర్ల వైఫై పేమెంట్ నెట్‌వర్క్‌తో కలవకూడదు. 2013లో అమెరికా రిటైల్ సంస్థ టార్గెట్‌లోకి దొంగలు ఏసీ కాంట్రాక్టరు లాగిన్‌తోనే చొరబడ్డారు. దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి.

కంపెనీ షేర్లు అమెరికాలో లిస్టయి ఉంటే 2002 నాటి సార్బేన్స్ ఆక్స్‌లీ చట్టం, ముఖ్యంగా ఆర్థిక లెక్కల మీది అంతర్గత నియంత్రణల గురించిన 404 సెక్షన్, మీ పనిలో పెద్ద భాగమవుతుంది. కస్టమర్ యాప్‌లో వేసుకున్న డబ్బు కాఫీ ఇచ్చేదాకా కంపెనీకి బాకీయే, ఆదాయం కాదు. కాబట్టి బ్యాలెన్స్ లెక్కించే కోడ్‌లో మార్పు జరిగితే, ఆమోదం తేదీ లైవ్‌లోకి వెళ్లిన తేదీ కన్నా ముందుందా అని ఆడిటర్ చూస్తారు.

యాక్సెస్ సమీక్షలో, అంటే ఏ లాగిన్ ఎవరికి ఇంకా అవసరమో చూసేటప్పుడు, మాత్రం తొందర పనికిరాదు. షాపుల్లో మనుషులు త్వరత్వరగా మారిపోతారు, వాళ్ల లాగిన్‌లు మిగిలిపోతాయి. యూజర్ల జాబితా హెచ్ఆర్ ఫైలు నుంచి కాకుండా నేరుగా సిస్టమ్ నుంచే తీయండి. వాడిన క్వెరీ (జాబితా తీయడానికి సిస్టమ్‌కి ఇచ్చిన ఆదేశం), వరుసల సంఖ్య, తీసిన తేదీ స్క్రీన్‌షాట్‌లో కనపడాలి. లేకపోతే జాబితా పూర్తిదని రుజువు చేయలేరు. తన యాక్సెస్‌ని తనే ఆమోదించుకున్న మేనేజర్ ఉన్నారేమో చూడండి. "తీసేయండి" అని రాసిన ప్రతి పేరుకీ నిజంగా తీసేసిన రుజువు జతచేయండి. ఎక్కువ సమీక్షలు దెబ్బతినేది ఈ చివరి మెట్టు మీదే.

సర్టిఫికేషన్లలో సీసా (CISA, ఐటీ సిస్టమ్స్ ఆడిటర్లకిచ్చే సర్టిఫికెట్) మంచి ఎంపిక: 4 గంటల్లో 150 ప్రశ్నలు, పాసవడానికి 450 స్కోరు. పరీక్ష ముందే రాయొచ్చు. సర్టిఫికెట్‌కి 5 ఏళ్ల అనుభవం కావాలి, చదువును బట్టి కొంత మినహాయింపు ఉంటుంది. ఐటీ హెల్ప్‌డెస్క్, షాపు సిస్టమ్స్ సపోర్ట్, ఇంటర్నల్ ఆడిట్ నుంచి వచ్చేవాళ్లకి ఈ దారి దగ్గర.

ఇంటర్వ్యూకి ముందు ఒక లోపాన్ని ఊహించి రాసి చూడండి: ఏం కనిపించింది, ఏ నిబంధన ప్రకారం ఎలా ఉండాలి, ఎందుకు తప్పింది, దానివల్ల నష్టమేమిటి, ఎవరు ఏ తేదీకి సరిచేస్తారు. కారణం దగ్గర "సిబ్బంది నిర్లక్ష్యం" అని రాస్తే కొట్టేయండి. ఉదాహరణకి మానేసినవాళ్ల లాగిన్ మిగిలిపోతే, ఉద్యోగి మానేసిన సంగతి హెచ్ఆర్ నుంచి ఐటీకి ఏ దారిన చేరాలి, ఎక్కడ ఆగింది అన్నది రాస్తేనే సరిచేయడానికి వీలవుతుంది.