శరీరదానానికి దరఖాస్తు ఎలా చేయాలి? గాలింపు జాగిలాల శిక్షణకు ఇస్తామంటే కుదురుతుందా?

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి 8 మంది లోపల చిక్కుకుపోయారు. బురద, ఊట నీళ్లు, నుజ్జయిన బోరింగ్ మెషిన్ ముక్కలు... మనుషులు ఎక్కడున్నారో తెలియని పరిస్థితి. కేరళ పోలీసుల కడావర్ డాగ్స్‌ను రప్పించారు. మృతదేహాల వాసన పసిగట్టేలా శిక్షణ పొందిన జాగిలాలు అవి. అవి గుర్తించిన చోట్ల తవ్వకాలు సాగాయి. మార్చి 9న మొదటి మృతదేహం, 25న రెండోది బయటికి తీశారు. అంతకుముందు ఏడాది వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడినప్పుడూ ఇలాంటి జాగిలాలతోనే గాలించారు.

శరీరదానం ఫారాలు నింపడంలో తెలిసినవాళ్లకు సాయం చేస్తుంటాను. సొరంగం సంఘటన తర్వాత ఒక రిటైర్డ్ టీచర్ గారు నన్ను అడిగారు: "బాబూ, ఆ కుక్కలకు నేర్పించడానికి నా శరీరం ఇస్తే తీసుకుంటారా? ఎవరి బిడ్డ శవమో ఇంటికి చేరుతుంది కదా." ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆమెకు చెప్పిన జవాబే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మన దేశంలో ప్రస్తుతం అలా రాసివ్వడానికి దారి లేదు. 1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం 11వ సెక్షన్ ప్రకారం, చికిత్స కోసం తప్ప మరే పనికీ అవయవం తీయడానికి ఎవరూ అనుమతి ఇవ్వకూడదు. 2011 సవరణతో కణజాలం కూడా ఆ చట్టం కిందికి వచ్చింది. డబ్బులు తీసుకుని అవయవం ఇస్తే 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా. ఇక శరీరం మొత్తం ఇవ్వడం రాష్ట్రాల అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం) చట్టాల పరిధిలోది. 1949 బొంబాయి చట్టం గానీ, 1951 మద్రాసు చట్టం గానీ వచ్చింది వైద్య విద్యార్థుల చదువు కోసం, శరీర పరీక్ష కోసం. ప్రసవంలో పడిన మాయనైనా ఆసుపత్రి వాళ్లు జాగిలాల శిక్షకుడి చేతికి ఇవ్వలేరు. 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం అది పసుపు సంచిలోకి వెళ్లాలి, అక్కడి నుంచి సాధారణంగా దహనానికి.

అమెరికాలో సంగతి వేరు. అక్కడ 1968లో రూపొందించి 2006లో సవరించిన ఉమ్మడి శరీరదాన చట్టాన్ని రాష్ట్రాలు అమలు చేసుకున్నాయి. మార్పిడి, చికిత్స, పరిశోధన, విద్య అనే నాలుగు అవసరాల కోసం శరీరాన్ని రాసివ్వవచ్చు. 1981లో టెనెసీ యూనివర్సిటీలో విలియం బాస్ మొదలుపెట్టిన, మృతదేహాలు ఎలా కుళ్లుతాయో గమనించే పరిశోధన స్థలం లాంటివి ఈ దానాల మీదే నడుస్తున్నాయి. నార్త్ కరోలినాలోని వెస్టర్న్ కరోలినా యూనివర్సిటీలో జాగిలాలకు, వాటిని నడిపేవాళ్లకు శిక్షణ కూడా ఇస్తారు. అయితే జాగిలం యజమాని మానవ అవశేషాలను తన దగ్గర ఉంచుకోవచ్చా లేదా అన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు. అక్కడ ఉంటున్న మనవాళ్లు ఎవరైనా రాసివ్వదలిస్తే, ఫారంలో 'జాగిలాల శిక్షణకు సమ్మతమే' అన్న విషయం విడిగా రాయించుకోవడం మంచిది. వద్దనుకుంటే అదీ రాయాలి.

మన చట్టంలోనూ జాగిలాల శిక్షణ అన్న మాట చేరాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. కొండచరియలు, వరదలు, సొరంగాలు మనకూ ఉన్నాయి. అది వచ్చేవరకూ మన శరీరం పదిమందికి పనికొచ్చే దారి మెడికల్ కాలేజీ. 2024 సెప్టెంబర్‌లో సీతారాం ఏచూరి గారు కన్నుమూసినప్పుడు కుటుంబం ఆయన భౌతికకాయాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు అప్పగించింది కూడా ఇందుకే.

దరఖాస్తు పెట్టడం కష్టమేమీ కాదు. 18 ఏళ్లు నిండినవాళ్లు మీ దగ్గరలోని మెడికల్ కాలేజీలో అనాటమీ విభాగానికి వెళ్లాలి. ఆసుపత్రి ఓపీ కౌంటర్‌కు కాదు, కాలేజీకి. హైదరాబాద్‌లో చాలామంది అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రికి వెళ్లి వెనక్కి వస్తుంటారు, ఉస్మానియా మెడికల్ కాలేజీ ఉన్నది కోఠిలో. ఫారం అక్కడే ఇస్తారు, ఫీజు ఉండదు. ఆధార్ జిరాక్స్, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, ఇద్దరు సాక్షుల సంతకాలు, వాళ్ల ఆధార్ కాపీలు సిద్ధం చేసుకోండి. సాక్షుల్లో ఒకరు భార్య, భర్త, కొడుకు, కూతురు లాంటి దగ్గరివాళ్లు అయితే మేలు. కొన్ని కాలేజీలు స్టాంప్ పేపర్ మీద నోటరీ చేయించిన అఫిడవిట్ అడుగుతాయి. అందులో పెద్ద భాష అక్కర్లేదు: "నేను పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా మరణానంతరం నా శరీరాన్ని వైద్య విద్య కోసం ఇస్తున్నాను. దీనికి నా వారసులకు అభ్యంతరం లేదు" అని రాసి, కింద వారసులందరి చేతా సంతకాలు చేయించండి. రెండు సెట్లు పెట్టి, ఒకదాని మీద కాలేజీ ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు.

అసలు చిక్కు వారసుల దగ్గరే వస్తుంది. మా పెదనాన్న 70 ఏళ్ల వయసులో శరీరదానం కార్డు తీసుకున్నారు. ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయాక మామూలుగానే దహనం చేశాం. పదకొండో రోజు ఇన్సూరెన్స్ కాగితాల కోసం బీరువా తెరిస్తే, బాండ్ల మధ్య ప్లాస్టిక్ కవర్లో ఆ కార్డు కనిపించింది. వెనకాల ఆయన చేతిరాతతో ఫోన్ నంబర్ కూడా ఉంది. పెద్దమ్మ దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది. అందుకే ఎవరు ఫారం తెచ్చినా ముందు నేను అడిగేది, ఇంట్లో చెప్పారా అని. మీరు ఎన్ని సంతకాలు పెట్టినా, ఆ రోజు ఫోన్ చేసేది ఇంట్లోవాళ్లే. ఒక్క కొడుకు అడ్డం తిరిగినా కాలేజీ వాళ్లు బలవంతంగా తీసుకుపోరు. కాబట్టి కార్డు కాపీ ఫ్రిజ్ తలుపు మీద అంటించండి, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి, విదేశాల్లో ఉన్న పిల్లలతో ముందే మాట్లాడండి. వాళ్లు వచ్చేదాకా శరీరాన్ని ఉంచాలా, వీడియో కాల్‌లో చూస్తే చాలా అన్నది కూడా ఆ మాటల్లోనే తేల్చుకోవాలి.

మరణం సంభవించాక మొదటి పని, సహజ మరణమని రిజిస్టర్డ్ డాక్టర్ చేత సర్టిఫికెట్ రాయించడం. ఇంట్లో పోతే దానికి 4ఏ ఫారం ఉంటుంది. వెంటనే అనాటమీ విభాగానికి ఫోన్ చేయండి. ఆలస్యమైతే ఐస్ బాక్స్ పెట్టండి. కళ్లు ఇవ్వదలిస్తే 6 గంటల్లోపు ఐ బ్యాంక్ వాళ్లు రావాలి. ఈలోపు ఫ్యాన్ ఆపి, రెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టండి. కళ్లు ఇచ్చాక కూడా కాలేజీలు శరీరాన్ని సాధారణంగా తీసుకుంటాయి. కానీ మిగతా అవయవాలు ఇచ్చినా, పోస్ట్‌మార్టం జరిగినా, ప్రమాదం, ఆత్మహత్య లాంటి పోలీసు కేసు ఉన్నా, హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటి ఇన్ఫెక్షన్లు ఉన్నా మామూలుగా తీసుకోరు. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు ముందే తెలిస్తే ఆ రోజు టెన్షన్ పడరు. స్నానం, కొత్తబట్టలు, పూజ అన్నీ ఇంట్లో చేసుకునే పంపవచ్చు. నగలు తీసేయండి. అస్థికలు తిరిగి ఇవ్వడం సాధారణంగా ఉండదు కాబట్టి మిగతా కర్మల గురించి పురోహితుడితో ముందే మాట్లాడుకోండి.

శరీరం అప్పగించాక కాలేజీ ఇచ్చే రసీదు తీసుకోకుండా బయటికి రావద్దు. మరణం రిజిస్టర్ చేయించేటప్పుడు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో శ్మశానవాటిక రసీదు అడిగితే, దాని బదులు చూపించేది ఇదే. గడువు 21 రోజులు. డెత్ సర్టిఫికెట్ వచ్చేదాకా ఆ రసీదు ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సులే ఇవ్వండి.