తెరచాప పడవలో ఏఐఎస్ అమర్చుకోవడం ఎలా? ఎక్కడిదాకా నమ్మాలి?

చుక్కాని పట్టుకుని కూర్చున్నప్పుడు మన కళ్ళు నీటి మట్టానికి రెండు మీటర్ల ఎత్తులో ఉంటాయి. అక్కణ్ణుంచి దిగంతం మూడు నాటికల్ మైళ్ళ లోపే. 20 నాట్ల (అంటే గంటకు 20 నాటికల్ మైళ్ళ) వేగంతో ఓ కంటైనర్ ఓడ ఎదురొస్తోంది, మనం 6 నాట్లతో పోతున్నాం అనుకోండి. ఆ మూడు మైళ్ళు కరగడానికి ఏడు నిమిషాలు చాలు. క్యాబిన్‌లోకి దిగి, చార్టు చూసుకుని, వానకోటు తొడుక్కుని పైకి వచ్చేసరికి అవి అయిపోతాయి. ఓడ పైభాగం, దాని దీపాలు ఇంకా ముందే కనిపించే మాట నిజమే. వానలో, పొగమంచులో ఆ వెసులుబాటూ ఉండదు.

ఈ లోటును కొంతవరకు తీర్చేది ఏఐఎస్, అంటే ఆటోమేటిక్ ఐడెంటిఫికేషన్ సిస్టమ్. ఏఐఎస్ ఉన్న ప్రతి ఓడా తన పేరు, స్థానం, వేగం, దిశ రెండు వీహెచ్‌ఎఫ్ (ఓడలు వాడే దగ్గరి దూరపు రేడియో) ఛానెళ్ళ మీద, 161.975, 162.025 మెగాహెర్ట్జ్‌ల దగ్గర, తనంతట తానే చెబుతూ పోతుంది. దాన్ని పడవలో పెట్టుకునే పద్ధతి ఇది.

1. ముందు నియమాలు చూసుకోండి

సముద్ర భద్రత కోసం దేశాలు చేసుకున్న సోలాస్ ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 గ్రాస్ టన్నేజీ (ఓడ పరిమాణపు కొలత), ఆపైన ఓడలన్నిటికీ, ప్రయాణికుల ఓడలకు పరిమాణంతో పని లేకుండా, ఏఐఎస్ తప్పనిసరి. అమెరికాలో 65 అడుగులు, ఆపై పొడవున్న ఇంజిను వాణిజ్య పడవలకూ 2016 నుంచి తప్పనిసరి. సరదాకు నడిపే చిన్న పడవకు చాలాచోట్ల ఆ బలవంతం లేదు. అయినా కొన్ని దేశాలు, కొన్ని రేవులు సొంత నిబంధనలు పెడతాయి. బయలుదేరే ముందే అక్కడి రేవు కార్యాలయాన్ని అడగండి. పందెంలో దిగుతుంటే పోటీ ప్రకటన చదవండి.

ప్రసారం చేయాలంటే ఎంఎంఎస్ఐ అనే, రేడియోలో పడవను గుర్తించే తొమ్మిది అంకెల సంఖ్య కావాలి. పడవ ఏ దేశంలో నమోదైతే ఆ దేశపు రేడియో లైసెన్సు అధికారులు ఇస్తారు. మీ వీహెచ్‌ఎఫ్ రేడియోకు ఇప్పటికే సంఖ్య ఉంటే ఏఐఎస్‌కూ అదే వాడాలి.

2. వినడమా, పలకడమా?

రిసీవర్ చవక, దానికి కరెంటు కూడా తక్కువే చాలు. ఓడలు మీకు కనిపిస్తాయి, మీరు వాటికి కనిపించరు. ట్రాన్స్‌పాండర్ రెండూ చేస్తుంది. నా మాట అడిగితే, ఓడల దారులు దాటే పడవ ట్రాన్స్‌పాండరే కొనాలి. ఓడను తప్పించుకునే పనంతా మన మీదే వేసుకోవడం ఎందుకు? అవతలి ఓడను నడిపే గదిలో ఉన్నవాడికీ మనం తెలిస్తే రెండు జతల కళ్ళు పని చేస్తాయి.

పెద్ద ఓడల ‘క్లాస్ ఏ’ యంత్రం 12.5 వాట్లతో, నడకలో ఉన్నప్పుడు 2 నుంచి 10 సెకన్లకోసారి పలుకుతుంది. చిన్న పడవల క్లాస్ బిలో రెండు రకాలున్నాయి. పాతది 2 వాట్లది, రద్దీలో ఖాళీ దొరికితేనే మాట్లాడుతుంది. కొత్తది 5 వాట్లది, తన వంతును ముందే కేటాయించుకుంటుంది. 2 నాట్లు దాటిన నడకలో పాతది 30 సెకన్లకోసారి చెబుతుంది. 14 నాట్ల లోపు వేగంలో కొత్తదీ అంతే. ఆ వ్యవధిలో 6 నాట్ల పడవ 90 మీటర్లు జరుగుతుంది, కాబట్టి తెరచాపకు అదొక లోటు కాదు. రద్దీ రేవుల్లో తిరిగేవారు కొత్తదాని మీద అదనంగా ఖర్చు పెట్టడం మంచిది.

బ్యాటరీ లెక్క కూడా ముందే వేసుకోండి. యంత్రం 5 వాట్లు లాగుతుందనుకుంటే రోజుకు 120 వాట్-అవర్లు, 12 వోల్టుల మీద 10 ఆంపియర్-అవర్లు. రాడార్ లాగే కరెంటు ముందు ఇది చాలా చిన్నది, కానీ ఎండ లేని రోజుల్లో సోలార్ పలక మీద బతికే పడవకు ఇదీ బరువే.

3. యాంటెనా ఎక్కడ?

చాలామంది ఇక్కడే తొందరపడతారు. వీహెచ్‌ఎఫ్ దూరం ఎత్తును బట్టి ఉంటుంది. ఎత్తు మీటర్లలో తీసుకుని, వర్గమూలాన్ని 2.2తో గుణిస్తే సుమారుగా మైళ్ళు వస్తాయి. రెండు పడవల లెక్కా కలపాలి. 16 మీటర్ల తెరచాప స్తంభం కొనన పెడితే మన వంతు 9 మైళ్ళు, 36 మీటర్ల ఎత్తులో యాంటెనా ఉన్న ఓడ వంతు 13. మొత్తం 22. అదే వెనక రెయిలింగు మీద 3 మీటర్ల ఎత్తులో పెడితే 4, 13 కలిపి 17. పెద్ద ఓడల విషయంలో పోయేది ఐదు మైళ్ళే. 26 నాట్లతో దగ్గరవుతున్నా 17 మైళ్ళంటే దాదాపు 40 నిమిషాలు. రెండు చిన్న పడవలూ రెయిలింగు యాంటెనాలతో ఉంటే మాత్రం ఆ దూరం 8 మైళ్ళకు పడిపోతుంది.

వాయిస్ రేడియోతో ఒకే యాంటెనా పంచుకోవడానికి స్ప్లిటర్ దొరుకుతుంది. అది పాడైతే రేడియో కూడా మూగబోవచ్చు. మాట్లాడుతున్నంతసేపూ ఏఐఎస్ ఆగుతుంది. నేనైతే రెయిలింగు మీద విడిగా ఒకటి పెడతాను. స్తంభం విరిగిన రోజున వాయిస్ రేడియోకు అదే దిక్కు. యాంటెనా తగిలించకుండా మాత్రం ట్రాన్స్‌పాండర్‌ను ఆన్ చేయకండి.

4. వివరాలు నింపడం

పేరు, కాల్‌సైన్ (రేడియోలో పడవకిచ్చిన గుర్తు), పొడవు, వెడల్పు, యంత్రం జీపీఎస్ పడవలో ఎక్కడుందో ఆ కొలతలు, పడవ రకం ఇవ్వాలి. తెరచాప పడవకు రకం సంఖ్య 36. ఎంఎంఎస్ఐని చాలా యంత్రాలు ఒక్కసారే తీసుకుంటాయి, అంకెలు తప్పితే తయారీదారు దగ్గరకు పంపాల్సిందే. అమెరికాలో ఈ వివరాలు యజమాని స్వయంగా ఎక్కించకూడదు, అమ్మకందారు లేదా అర్హుడైన ఇన్‌స్టాలర్ ఎక్కించాలి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. క్లాస్ బి మీ ప్రస్తుత స్థితిని చెప్పదు. తెరచాప దించి ఇంజిను మీద పోతున్నా ఓడ తెర మీద మీరు తెరచాప పడవే. తెరచాపకు దారి ఇచ్చే నియమం ఇంజిను నడిచినంతసేపూ మీకు వర్తించదు. ఇరుకు కాలువల్లో, ఓడల కోసం గీసిన దారుల్లో తెరచాప ఎత్తి ఉన్నా పెద్ద ఓడకు అడ్డు రాకూడదు.

5. అలారం

ఓడ మనకు ఎంత దగ్గరగా వస్తుందో ఆ అతి సమీప దూరం, అక్కడికి రావడానికి పట్టే సమయం అని రెండు అంకెలు పెట్టాలి. నడి సముద్రంలో ఒక మైలు, 30 నిమిషాలతో మొదలుపెట్టండి. రేవు దగ్గర అలా ఉంచితే క్షణానికోసారి మోగి, చివరికి విసుగొచ్చి ఆపేస్తారు. అక్కడ తగ్గించండి. అలల్లో నెమ్మదిగా పోయే పడవ దిశ ఊగుతుంటుంది కాబట్టి తెర మీది దూరం కూడా ఊగుతుంది. ఒక్కసారి చూసి నిర్ణయించకుండా, దిక్సూచితో ఓడ దిక్కు మారుతోందో లేదో చూడండి; మారకపోతే ఢీకొనే ప్రమాదం ఉన్నట్టే.

6. తెర మీద లేనిది

ఓడలు ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నియమాల్లో ఐదోది చూపుతో, వినికిడితో, అందుబాటులో ఉన్న అన్ని సాధనాలతో కాపలా ఉండాలంటుంది. ఏఐఎస్ ఆ సాధనాల్లో ఒకటి మాత్రమే. జర్మన్ నావికుడు బోరిస్ హెర్మాన్ 2021 జనవరి 27 రాత్రి ఒంటరి ప్రపంచ ప్రదక్షిణ పందెం వాండే గ్లోబ్‌లో ముగింపుకు సుమారు 90 మైళ్ళ దూరంలో చేపల పడవను ఢీకొన్నారు. ఆ సమయంలో ఆయన నిద్రలో ఉన్నారు. ఏ అలారమూ హెచ్చరించలేదని తర్వాత చెప్పారు. ఏఐఎస్ ప్రసారం చేయని పడవ, కొట్టుకుపోయే కంటైనర్, వలలు ఆ తెరకు తెలియవు. అందుకే ఓడల రాడార్‌కు మనం బాగా కనిపించేలా చేసే రాడార్ రిఫ్లెక్టరునూ స్తంభం మీద వీలైనంత ఎత్తున కట్టండి.

7. ఎప్పుడు ఆపాలి?

ప్రసారాన్ని వెబ్‌సైట్లు పట్టి అందరికీ చూపిస్తాయి. పడవ సముద్రంలో ఉందంటే ఇల్లు ఖాళీగా ఉందని ఎవరైనా ఊహించవచ్చు. ఆ ఇబ్బంది ఉన్నా నేను నడి సముద్రంలో ఆపను. మెరీనాలో కట్టేశాక ఆపేస్తాను. సముద్ర దొంగల ప్రాంతాల్లో మాత్రం అధికారుల తాజా సలహా చూసి నిర్ణయించాలి, చాలా యంత్రాల్లో ప్రసారాన్ని మూగగా ఉంచే మీట ఉంటుంది.

ఇంటివారికి మీ చోటు తెలియాలంటే పాస్‌వర్డు ఉన్న శాటిలైట్ ట్రాకర్ మేలు. పటం మీద మీ పడవ చుక్క కదలడం ఆగితే ఎన్ని గంటలు ఆగి ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసివ్వండి. బ్యాటరీ అయిపోయినా చుక్క ఆగుతుంది. ప్రాణాపాయానికి మాత్రం 406 మెగాహెర్ట్జ్ ఈపర్బ్ (ఉపగ్రహం ద్వారా సహాయం కోరే అత్యవసర యంత్రం) వేరే ఉండాలి, దాన్ని నమోదు చేయించి ఉండాలి.

అన్నీ బిగించాక, తాడు విప్పక ముందు పక్క పడవ వారిని రేడియోలో అడగండి: మీ తెర మీద మా పేరు, కొలతలు ఎలా కనిపిస్తున్నాయి? అవతలివారు చదివి వినిపించింది మీ కాగితంతో సరిపోతే బయలుదేరవచ్చు.