ఆర్టిఫీషియల్ గ్రాస్ వేసే ముందు పందికొక్కుల లెక్క తేల్చండి

సమస్య: టర్ఫ్ (ఆర్టిఫీషియల్ గ్రాస్) పరిచి నెల తిరక్కుండానే ఒకచోట కాలు దిగబడుతోంది. లేదా వేద్దామని నేల చదును చేస్తే తెల్లారేసరికి మట్టి కుప్పలు.

హైదరాబాద్‌లో ఇది దాదాపు ప్రతిసారీ పందికొక్కు పనే. ఇంగ్లీషువాళ్ల ‘బాండికూట్’ మన తెలుగు మాటే, అంత పాత చుట్టం.

సాయంత్రం కన్నాలన్నీ పూడ్చి తొక్కండి, పొద్దున్నే చూడండి. తెరుచుకున్నదాంట్లో కొక్కు ఉన్నట్టు. పొలంలో మందు పెట్టే ముందు రైతులు చేసేదీ ఇదే. ఒక్క మెలిక: చిన్న రకం పందికొక్కు లోపలి నుంచి తనే మట్టితో మూతి మూసుకుంటుంది. కన్నం కనబడలేదని సంబరపడకండి, పక్కన వదులు మట్టి ఉందా చూడండి.

అసలు కారణం: డ్రైనేజీ చాంబర్

ఇంతమందికి చెప్పాను, ఒక్కరూ చాంబర్ మూత ఎత్తరు. నేనూ ఎత్తలేదు ఒకప్పుడు. సైనిక్‌పురిలో ఒక ఇంటికి కన్నాలు పూడ్చి, మెష్ వేసి, టర్ఫ్ పరిచి వచ్చాను. మొదటి పెద్ద వానకే మధ్యలో బేసిన్ అంత గుంట. టర్ఫ్ లేపి తవ్వితే సొరంగం తిన్నగా చాంబర్ గోడకు పోయింది. ఇటుక గోడలో పైపు దూరే చోట సిమెంటు రాలిపోయి పిడికిలి పట్టేంత సందు. వాటి రాకపోకలు అక్కణ్ణుంచే. నేను పూడ్చినవి పెరటి దారులు మాత్రమే. మెష్ వాటిని పైకి రాకుండా ఆపింది గానీ, కింద గుల్ల చేయడం ఆపలేదు. ఖర్చు నా జేబులోంచే పోయింది.

మూత ఎత్తగానే అడుగున తాజా ఎర్రమట్టి కనిపిస్తే ఇక అనుమానం లేదు. మురుగులోకి మట్టి ఊరికే రాదు. ఇంకా నమ్మకం కుదరకపోతే రెండు బకెట్ల నీళ్లలో బట్టల నీలం కలిపి కన్నంలో పోయండి. చాంబర్‌లో నీలం దిగితే దారి దొరికినట్టే. దిగకపోయినా పైపు చుట్టూ పుల్లతో పొడిచి చూడండి, సొరంగం మధ్యలో కూలి ఉండొచ్చు.

పరిష్కారం

పైపు చుట్టూ సందును గాజు పెంకులు కలిపిన సిమెంటుతో బిగించండి. పగిలిన మూత మార్చండి. తోటలో మిగిలినవాటికి బోను పెట్టండి. రెండు రోజులు బోను బిగించకుండా పకోడీ మాత్రం పెట్టండి, కొత్త వస్తువంటే వాటికి భయం. విషం పెడితే కన్నంలోనే చచ్చి టర్ఫ్ కింద కుళ్లుతుంది. కుక్కలు, పిల్లలు ఉన్న ఇంట్లో అసలు వద్దు.

తర్వాత సొరంగాన్ని పొడుగునా తవ్వి, తడుపుతూ పొరలు పొరలుగా దిమ్మిస చేయండి. మూతి మాత్రం పూడిస్తే వానకు కూలుతుంది. దానిపై అర అంగుళం గళ్ల జీఐ వెల్డ్ మెష్, ఆపైన కంకర, క్రషర్ డస్ట్ (రాతి పొడి). ప్రహరీ వెంట మెష్‌ను ఒక అడుగు కిందికి వంచి పాతండి. చికెన్ మెష్ దాని పళ్లకు ఆనదు.

విదేశీ వీడియోల్లో లాన్ తవ్వే మోల్, గోఫర్ అనే జంతువులు మన దగ్గర లేవు, వదిలేయండి. ఉడత నేల తవ్వదు. పాత కన్నంలో పాము ఉండొచ్చు, చెయ్యి మాత్రం పెట్టకండి.

చాంబర్ మీదుగా టర్ఫ్ కప్పేయకండి. మూత కొలతకు ముక్క విడిగా కోసి పెట్టండి, వానాకాలానికి ముందు మళ్లీ ఎత్తి చూడాలి.