చెన్నై ఉక్కలో తోడిపెళ్లికూతుళ్ల జడలు

మా చెల్లి పెళ్లి మార్చిలో, చెన్నైలో. తోడిపెళ్లికూతుళ్లు నలుగురూ ఒకేలా జుట్టు వదిలేసి కర్ల్స్ వేయించుకుంటామన్నారు. ట్రయల్ రోజు పార్లర్‌లో అద్దం ముందు అదిరిపోయాయి. ఆటో దిగేసరికి సగం సాగిపోయాయి. వేడితో తిప్పిన జుట్టు తేమ తగిలితే మళ్లీ పాత దారే పడుతుంది. సముద్రం పక్క ఊళ్లో స్ప్రే ఎంతసేపని ఆపుతుంది?

దాంతో ఒకేలా ఉండాలన్న పట్టు వదిలించాను. పూలు అందరికీ ఒకటే, జడ ఎవరిది వాళ్లది. పొడుగు జుట్టు పిల్లకి మామూలు జడ, పల్చటి జుట్టుకి టి.నగర్‌లో కొన్న సవరం. రింగుల జుట్టు అమ్మాయిని స్ట్రెయిటెనింగ్ జోలికి పోనివ్వకుండా మెడ మీద ముడి వేయించాను. టెన్షనంతా బాబ్ కట్ మరదలితోనే. చెవుల పైనుంచి రెండు సన్నపాయలు అల్లి, వెనక కలిపి, ఆ కలిసినచోట చిన్న మల్లెచెండు పెట్టాం. ఫోటోల్లో అదే బాగా వచ్చింది. పెద్దమ్మ మాత్రం "జడ లేని పెళ్లేంటే" అంటూనే ఉంది.

తలస్నానం ముందురోజే చేయించండి, అప్పుడే కడిగిన జుట్టులో పిన్ను నిలవదు. నల్లపిన్ను వంకీల వైపు మాడుకి ఆనాలి. కోయంబేడులో మల్లెలు మొగ్గలుగానే కొని తడిగుడ్డలో చుట్టి ఉంచాం, ముహూర్తానికి విచ్చుకున్నాయి.